తిన్న అన్నానికి మిత్తి



గత నెల ఒక బుధవారం ఉపవాస ప్రార్థన ముగిసింది. అందరూ వెళ్లిపోయాక ఒక సహోదరి మాత్రం చాప మీద నుంచి లేవలేదు. బైబిల్లో నాలుగు మడతలు పెట్టి దాచుకున్న కాగితం తీసి మా ముందు పెట్టింది. ప్రార్థన అవసరత రాసుకొచ్చిందేమో అనుకున్నాం. తీరా చూస్తే అది క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు. జిరాక్స్ సెంటర్‌లో ప్రింటు తీయించుకుని వచ్చింది.

"అమ్మగారూ, గింత కడితే సాలని ఈ కాయితంలనే ఉన్నది గదా. నెలనెలా కడుతనే ఉన్నం. మరి ఎందుకు తగ్గుతలేదు?" అని అడిగింది.

కార్డు ఆమెది కాదు, హన్మకొండలో ఒక షాపులో పనిచేస్తున్న కుమారుడిది. ఆ కాగితం మీద ఉన్న ఖర్చులను మేమిద్దరం ఒక్కొక్కటిగా చదివాం. బంగారం లేదు, టీవీ లేదు, విందులు లేవు. గ్యాస్ బండ, కిరాణం, ఫోన్ రీచార్జీలు, పిల్ల బస్ పాసు, మందుల షాపు, ఎండాకాలం కూలరు నడిచిన రెండు నెలల కరెంటు బిల్లు. మీకు తెలుసు, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే మాత్రం ఆ నెల మొత్తం బిల్లు మనమే కట్టుకోవాలి. అలా వచ్చిన రెండు బిల్లులు కూడా కార్డు మీదికే ఎక్కాయి.

విలాసానికి పోయిన రూపాయి ఒక్కటి కూడా లేదు. ఆ మాటే మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. అప్పుల గురించి మాట్లాడినప్పుడల్లా మేము ప్రసంగ పీఠం మీద నుంచి దుబారా గురించే చెబుతూ వచ్చాం. ఈ సహోదరి ఎప్పుడూ దుబారా చేయలేదు. మా ప్రసంగాల్లో ఆమెకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి కూడా మీ ముందు ఒప్పుకోవాలి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మాకు పుస్తకం చూడకుండానే తెలుసు. మేమూ అదే గుంతలో పడి లేచినవాళ్లం. సంఘంలో ఒకరిద్దరు పెద్దలకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2019లో మాకు కార్డు వచ్చింది. మాలో ఒకరు ప్రైవేటు బడిలో టీచరు కాబట్టి, జీతం పడే ఖాతా ఉందని బ్యాంకువాళ్లు 40,000 రూపాయల పరిమితితో ఇచ్చారు. మొదట్లో బాగానే ఉంది. బిల్లు రాగానే మొత్తం కట్టేసేవాళ్లం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి, ఆ వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. మందిరం తలుపులు మూసుకున్నాయి. జీతం మొదట సగమైంది, తరువాత అసలే లేదు. కానుకలు ఇచ్చే చేతులకే పని లేనప్పుడు కానుకలెక్కడివి? ఇంట్లో మాత్రం పొయ్యి వెలగాలి. కార్డు తీశాం.

రిజర్వు బ్యాంకు ఆ మార్చి నెలాఖరున వాయిదాలకు మూడు నెలల విరామం ప్రకటించి, తరువాత దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. దేవుడే దారి చూపించాడని సంతోషించాం. విరామం కట్టడానికే గాని మిత్తికి కాదని మాకు తెలియదు. మేము కట్టని ఆరు నెలలూ మిత్తి తన పని తాను చేసుకుంటూనే పోయింది. తెలుసుకోకపోవడం మా తప్పే, ఎవరినీ నిందించడం లేదు.

2021 నాటికి కార్డు మీద 38,000 తేలింది. కనీసం 1,900 కట్టాలని బిల్లు మీద ఉండేది. అప్పో సప్పో చేసి ఆ 1,900 కట్టేవాళ్లం. కట్టిన సాయంత్రం గుండె తేలికపడేది. ఈ నెల గట్టెక్కాం, స్తోత్రం ప్రభువా అనుకునేవాళ్లం. లెక్క ఏమిటో ఇప్పుడు చెబుతాం, దయచేసి కాగితం పెన్ను తీసుకోండి. మా కార్డు మిత్తి నెలకు మూడున్నర శాతం. 38,000 మీద అది 1,330 రూపాయలు. ఆ మిత్తి మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అంటే 239. రెండూ కలిపి 1,569. మేము కట్టిన 1,900లో అసలుకు పోయింది 331 రూపాయలు. అదే నెలలో ఒక గ్యాస్ బండ అదే కార్డు మీద తెచ్చుకున్నాం. బండ ధర 331 కంటే ఎక్కువ కదా. అంటే 1,900 కట్టాక కూడా మా బాకీ పోయిన నెల కంటే పెరిగింది.

ఆ సహోదరి అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. బియ్యం వండుకు తిన్నాం. ఆ 2,000 మాత్రం ఖాతాలో పడిన మరుసటి రోజే కనీస బకాయి కింద పోయింది. కష్టంలో ఉన్న కుటుంబానికి కూరకు, పప్పుకు వచ్చిన డబ్బు, ఎన్నడో తిని అరిగిపోయిన కూరకు మిత్తిగా పోయింది.

ఇక మన ఊరి లెక్కలో మాట్లాడుకుందాం. మనకు శాతాలు అర్థం కావు గాని "రెండ్రూపాయల మిత్తి" అంటే చిన్న పిల్లవాడికీ అర్థమవుతుంది. వందకు నెలకు రెండు రూపాయలు. మూడు రూపాయల మిత్తికి తెచ్చాడంటే, అయ్యో పాపం, ఎంత గతిలేకపోతే తెచ్చాడో అంటాం. నాలుగు రూపాయలకు ఇచ్చేవాడి గురించి రచ్చబండ దగ్గర ఏమంటారో మీకు తెలుసు. మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. గుమ్మం ముందు కూర్చుని ఈ ధరకు అప్పిస్తానన్న మనిషిని మన ఊళ్లో ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. అదే ధర, తళతళలాడే కార్డు మీద ముద్దుగా మన పేరు అచ్చువేసి కొరియర్‌లో వస్తే, సంతకం పెట్టి తీసుకుని స్తోత్రం చెప్పుకుంటాం.

చట్టం కాపాడుతుందిలే అనుకునేవారికి ఒక మాట. ఏడాదికి 30 శాతం మించి కార్డు బాకీ మీద వడ్డీ వేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఆ 30 అనే గీత ఇప్పుడు లేదు.

నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయం ఇంతకు ముందు చాలాసార్లు చదివాం. గోడ కట్టే పని గురించి బోధించాలనే తొందరలో ఈ అధ్యాయాన్ని దాటుకుంటూ పోయాం. ఈసారి నిదానంగా చదివితే కొత్తగా కనబడింది. ఆ జనం అప్పు చేసింది ఎందుకు? కొందరు ధాన్యం కోసం. కొందరు కరవులో పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టి తిండి తెచ్చుకున్నారు. కొందరు రాజుకు పన్ను కట్టడానికి తెచ్చారు. దుబారా చేసినవాడు ఒక్కడూ లేడు. అంతా ఇంటి బిల్లులే! నెహెమ్యాకు కోపం వచ్చింది వాళ్ల మీద కాదు, వాళ్ల దగ్గర మిత్తి తీసుకున్న పెద్దల మీద. ఆ మిత్తి ఎంతో కూడా వాక్యంలో ఉంది: నూరవ భాగం. అది నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు. అంటే రూపాయి మిత్తి. నెహెమ్యాకు రూపాయి మిత్తికే అంత కోపం వచ్చింది.

ఆ అధ్యాయంలో మమ్మల్ని ఇంకా గుచ్చిన సంగతి, నెహెమ్యా తనను తాను బయట పెట్టుకోలేదు. తానూ, తన బంధువులూ, తన పనివారూ కూడా అప్పులిచ్చినవారమేనని అందరి ఎదుట ఒప్పుకుని, మనం ఇది మానుకుందాం అన్నాడు. నాయకుడు ముందు తన సంగతి చెప్పుకున్నాడు. అందుకే మేము మా 38,000 సంగతి ముందు చెప్పాం.

అయితే కార్డు ముట్టుకోవడమే పాపమా? కొందరు సేవకులు అలా బోధిస్తున్నారు. సాతాను ముద్ర అని కూడా అంటున్నారు. మేము ఆ మాట ఒప్పుకోము. హైదరాబాదులో నెల జీతం తీసుకునే మన పిల్లలు కార్డు మీద కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు కట్టి, గడువులోగా మొత్తం తీర్చేస్తే వారికి ఒక్క రూపాయి మిత్తి పడదు. బిల్లు తయారయ్యే తేదీ 5 అయి, కట్టాల్సిన గడువు 25 అనుకోండి. 6వ తేదీన వాడిన డబ్బుకు దాదాపు యాభై రోజుల గడువు దొరుకుతుంది, 4వ తేదీన వాడినదానికి ఇరవై ఒక్క రోజులే. ఇది తెలిసినవాడికి కార్డు ఒక పనిముట్టు. కానీ మొత్తం బాకీలో కొంత మిగిలిందా, ఆ ఉచిత గడువు పోతుంది. మిగిలినదానికే కాదు, మళ్లీ కొత్తగా వాడినదానికీ వాడిన రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీస్తే ఉచిత గడువు అన్నదే లేదు.

మా అభిప్రాయం ఏమిటంటే, ఆ పనిముట్టు నెల జీతగాడి చేతికి కొలిచి చేసింది. మన చేతులకు కాదు. మన ఇళ్లలో పైసలు నెలనెలా వస్తాయా? పత్తి ఏరిన తరువాత ఒకసారి వస్తాయి. మిర్చి కోసి, ఆరబెట్టి, ఎనుమాముల మార్కెట్‌కు తోలి, ధర పడిన రోజున ఒకసారి వస్తాయి. వడ్లు కొనుగోలు కేంద్రంలో కాంటా అయి ఖాతాలో పడినప్పుడు ఒకసారి. రాబడి ఏడాదికి రెండు మూడు సార్లు, బిల్లులు పన్నెండు సార్లు. యాభై రోజుల గడువు మిర్చి పంటకు ఏం సరిపోతుంది? నాటినప్పటి నుంచి కాయ అమ్మేదాకా ఆరు నెలలు దాటుతుంది. పంట వచ్చాక కడదామని ఆషాఢంలో కార్డు గీకినవాడు మాఘం దాకా నాలుగు రూపాయల మిత్తి మోస్తాడు. ఈలోగా వాన ఎక్కువై కాయ మచ్చపడితే ఇక చెప్పక్కర్లేదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. అందుకే ఊళ్లో కిరాణ కొట్టు ఉద్దెర అనేది నడిచింది. దాన్ని మేము మరీ పొగడము, ఉద్దెర ఇచ్చే కొట్టులో ధర రెండు రూపాయలు ఎక్కువే ఉండేది. కానీ సేటు ఖాతా పుస్తకం తెరిచి కళ్లద్దాల మీది నుంచి చూసి, "పోయిన నెలది సగమన్న కట్టి పట్టుకపో అక్కా" అనేవాడు. ఆ మాటకు సిగ్గనిపించేది. ఆ సిగ్గుతో ఆ నెల నూనె అరకిలో తగ్గేది. కార్డు అలా అనదు. బాకీ ఎంత పెరిగితే అంత మర్యాదగా పలకరిస్తుంది, పరిమితి పెంచమంటారా అని ఫోన్ కూడా చేస్తుంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపే వీలు వచ్చింది కాబట్టి, కిరాణ కొట్టు క్యూఆర్ మీద ఫోన్ పెడితే చాలు. ఆ డబ్బు మన ఖాతాలోంచి పోయిందో, అప్పులోంచి పోయిందో సేటుకు తెలియదు. కొన్నాళ్లకు మనకూ గుర్తుండదు.

మమ్మల్ని ఎక్కువగా బాధించేది ఈ దాగుడే. వెనుకటికి అప్పు ఇచ్చినవాడు వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. వాడకట్టంతా చూసేది. పరువు పోయినా, ఆ ఇంటికి కష్టం వచ్చిందని పక్కింటివాళ్లకు తెలిసేది, ఎవరో ఒకరు గిన్నెడు బియ్యం పంపేవారు, సంఘ పెద్దకు కబురు అందేది. కార్డు అప్పు ఫోన్లో ఉంటుంది. ఆదివారం అందరూ ఇస్త్రీ బట్టలతో వస్తారు, పాటలు పాడతారు, ప్రార్థన అవసరతలు చెప్పమంటే మోకాళ్ల నొప్పులు చెబుతారు. ఆ సహోదరి రెండేళ్లుగా మన మధ్య అలాగే కూర్చుంది. పక్క చాప మీద కూర్చున్నవారికి తెలియలేదు. కాపరులమైన మాకు తెలియలేదు. సంఘం చేతకానిది అయి కాదు, సంఘానికి కనబడక.

రెండవ రాజులు 4వ అధ్యాయంలోని విధవరాలు ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య. సేవకుడి ఇల్లు అది. భక్తిపరుడే, అయినా అప్పు మిగిల్చి పోయాడు. అప్పులవాడు ఇద్దరు పిల్లలను పట్టుకుపోవడానికి వచ్చాడు. నూనె కుండల అద్భుతం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. మేము చూడమనేది దానికి ముందు జరిగిన సంగతి. ఆమె మొదట నోరు తెరిచింది. ఎలీషా దగ్గరికి వచ్చి అప్పు ఉందని చెప్పింది. అతడు అడిగిన మాట, నీ ఇంట్లో ఏముంది అని. అప్పు ఎలా చేశావు, ఎందుకు చేశావు అని అడగలేదు. ఇరుగుపొరుగు దగ్గర ఎరువు తెచ్చుకోమన్నది డబ్బు కాదు, ఖాళీ పాత్రలు. నూనె వచ్చాక అతడు చెప్పిన వరుస కూడా గమనించండి. ముందు అమ్మి అప్పు తీర్చు, తరువాత మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి. మేము 2021లో దీన్ని తలకిందులు చేశాం. ముందు బ్రతికాం, మిగిలితే తీరుద్దాం అనుకున్నాం. మిగిలేది ఎక్కడ?

మేము ఎలా బయటపడ్డామో చెప్పమని కొందరు అడుగుతారు. ఆకాశం నుంచి డబ్బు రాలేదు. కాజీపేటలో రైల్వే పని చేసి రిటైరైన ఒక సంఘ పెద్ద ముందు మేము ఒక సాయంత్రం కూర్చుని ఏడ్చాం. ఆయన లెక్క చూసి, "అమ్మగారు మహిళా సంఘంల లేదా?" అన్నారు. ఉంది. సంఘం అప్పు రూపాయి మిత్తికి దొరుకుతుంది. నాలుగు రూపాయల అప్పును రూపాయి అప్పుతో తీర్చొచ్చు కదా అన్నారు. 40,000 తీసుకున్నాం. ఒక్కరోజే కార్డు మొత్తం కట్టేశాం. నెలకు 2,000 అసలు, మొదటి నెల 400 మిత్తి, తరువాత తగ్గుతూ పోయింది. ఇరవై నెలల్లో తీరింది. కార్డుకు కట్టిన 1,900 కంటే నెలకు ఐదు వందలే ఎక్కువ కట్టాం, కానీ ఇది తీరింది, అది తీరేది కాదు. అప్పు తీర్చడానికి అప్పు చేయమని మేము ఎవరికీ తేలిగ్గా చెప్పము. పాత కార్డును కత్తెరతో ముక్కలు చేసినవారికే ఈ దారి. కార్డు ఉంచుకుని సంఘం అప్పు తెస్తే ఆరు నెలలకు రెండు అప్పులు అవుతాయి. అలా అయిన ఇల్లు కూడా మాకు తెలుసు.

కార్డు మూసేయాలనుకునేవారికి ఒక ఉపయోగపడే మాట. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నియమాల ప్రకారం, బాకీ ఏమీ లేనప్పుడు మనం మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున వాళ్లే మనకు ఇవ్వాలి. మనం అడగకుండా, ఒప్పుకోకుండా కార్డు ఇవ్వకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. ఫోన్లో తీయటి మాటలకు తొందరపడి "సరే" అనేయకండి. ఆ "సరే" అనే ముందు ఇంట్లో ఇంకొకరిని అడగండి.

మరి ఇంటి బిల్లులు ఎలా కట్టాలి? మా ఇంట్లో ఇప్పుడు చేసేది చెబుతాం. జన్‌ధన్ ఖాతా మీలో చాలామందికి 2014, 2015ల్లోనే తెరిచి ఉంది. దానితో రూపే డెబిట్ కార్డు కూడా ఇచ్చారు. ఎక్కువమంది ఇళ్లలో అది పెట్టె అడుగున పడి ఉంది. దాన్ని బిల్లుల ఖాతా చేసుకోండి. ఇంకే పనికీ వాడొద్దు. మిర్చి పైసలు వచ్చిన వారంలోనే, బట్టలకు, బండికి, పెళ్లి కట్నాలకు పోకముందే, రాబోయే ఆరు నెలల కరెంటు, గ్యాస్, ఫోన్, బడి బస్సు ఎంతవుతుందో కూడి ఆ ఖాతాలో వేయండి. మాకు మొదటి ఏడాది అంత వేయడం కుదరలేదు, మూడు నెలలకే వేయగలిగాం. ఐగుప్తులో యోసేపు పంట పండిన ఏడేళ్లలో ఐదవ వంతు పక్కన పెట్టించాడు, పండినప్పుడే పక్కన పెట్టించాడు. బిల్లు రాగానే ఆ డెబిట్ కార్డుతోనో, దానికి కలిపిన యూపీఐతోనో కట్టండి. ఖాతాలో ఉంటే పోతుంది, లేకపోతే పోదు. పోనప్పుడు ఇంట్లో అందరికీ తెలుస్తుంది, ఈ నెల తక్కువైందని. ఆ తెలియడం మంచిది. క్రెడిట్ కార్డు ఆ తక్కువను ఇంటివాళ్ల కళ్లకే కనబడకుండా చేస్తుంది.

డెబిట్ కార్డు పట్టుకున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. "ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మెసేజీలు తిరుగుతున్నాయి. అవి మోసగాళ్లవి. నక్కలగుట్టలో మన ఎన్‌పీడీసీఎల్ ఆఫీసు ఉంది, ఊళ్లో లైన్‌మన్ ఉన్నాడు, అనుమానం ఉంటే వాళ్లను అడగండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. మనమే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు మన లెక్కలోకే వస్తుంది. పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయండి. మొదట ప్రార్థన చేసి తరువాత ఫోన్ చేద్దామని ఒకరు ఆగారు. ముందు ఫోన్ చేయండి. లైను కలిసేలోగా ప్రార్థన చేసుకోవచ్చు.

కానుకల గురించి కూడా చెప్పకపోతే మేము అన్యాయస్థులమవుతాం. ఈ మధ్య కొన్ని చోట్ల కార్డు గీకే మిషను పెట్టి మరీ కానుక తీసుకుంటున్నారని విన్నాం. మన మందిరంలో అది ఉండదు. క్రెడిట్ కార్డు మీద డబ్బు తీసి దశమభాగం ఇచ్చేవారు దయచేసి ఇవ్వకండి. అది మీ రాబడిలో పదవ వంతు కాదు, బ్యాంకు డబ్బు. దాని మీద మిత్తి మీ పిల్లల పళ్లెంలోంచి పోతుంది. బాకీ తీరేదాకా కానుక తగ్గినా, ఆగినా మేము అడగము. పేర్లు చదవడం కూడా మానేశాం, గమనించే ఉంటారు. సేవకుల ఇల్లు ఎలా గడుస్తుందని దిగులుపడేవారికి ప్రేమతో చెబుతున్నాం, మీ అప్పు మీద మా పొయ్యి వెలగడం మాకు ఇష్టం లేదు.

ఇక ఆ సహోదరి సంగతి. ఆ కుమారుడు తరువాతి ఆదివారం వచ్చాడు. తల వంచుకుని మూల కూర్చున్నాడు. తిడతామనుకున్నాడు. మేము మా 2021 నాటి స్టేట్‌మెంటు తీసి చూపించాం. ఇన్నేళ్లుగా దాచే ఉంచాం. చాలాసేపు చూసి, "అయ్యగారూ, మీకు సుత ఇట్లనేనా?" అన్నాడు. వాళ్లమ్మ మహిళా సంఘంలో అడిగింది, తీర్మానం ఇంకా కాలేదు. కార్డు మాత్రం ఆ రోజే ముక్కలైంది, మా ఇంటి కత్తెరతోనే. బాకీ ఇంకా ఉంది. ఈ నెల బండ నగదుతో తెచ్చుకున్నారు. దానికోసం ఫోన్ రీచార్జి ఒకరిది ఆపుకున్నారు.

రాబోయే రెండు ఆదివారాలు ఆరాధన తరువాత మధ్యాహ్నం మూడింటి వరకు మా ఇంటి ముందు గదిలో మేమిద్దరమూ, లెక్కలు తెలిసిన ఆ రైల్వే పెద్దాయనా ఉంటాం. ఒక్కొక్క కుటుంబంతో విడివిడిగా మాట్లాడతాం. తలుపు మూసే ఉంటుంది, తట్టి రండి. స్టేట్‌మెంటు ప్రింటు తీయించుకోలేనివారు ఫోనే తెచ్చుకోండి, అందులోనే చూద్దాం. కళ్లద్దాలు మరచిపోకండి, కనీస బకాయి పక్కన ఉండే ఆ అక్షరాలు చాలా చిన్నవి.